బొట్టు పెట్టి పిలవడానికి ముప్పై కిలోమీటర్లు

మా కాలనీలో అందరూ యాత్రలు చేస్తున్నారు. ఎదురింటాయన కాశీ వెళ్లొచ్చి, గంగ నీళ్ల చెంబుతో పాటు రెండు గంటల వీడియో కూడా తెచ్చాడు. పక్కింటామె దుబాయి వెళ్లి ఒంటె మీద కూర్చున్న ఫొటో కాలనీ గ్రూపులో పెట్టింది. నేను మేడ్చల్, శామీర్‌పేట వెళ్లొచ్చాను. నవ్వేవాళ్లు నవ్వుకోండి. మల్కాజిగిరిలో మా ఇంటి నుంచి ఎటు చూసినా ముప్పై కిలోమీటర్లు దాటదు గాని, ఆ దుబాయి ఆమెను కూడా అన్నిసార్లు ఆపి, ఎవరు నువ్వు, ఎందుకొచ్చావు అని అడిగి ఉండరు. వెళ్లనివాళ్ల కోసం రాస్తున్నాను.

వెళ్లింది మా అమ్మాయి దివ్య పెళ్లి పిలుపులకు. కార్డు ఫొటో తీసి ఫోన్లో పంపితే అది పిలుపు కాదు, సమాచారం. కరెంటు బిల్లు కూడా అట్లాగే వస్తుంది. పిలుపంటే మనిషి ఇంటికి వెళ్లాలి, ఆడవాళ్ల నుదుట బొట్టు పెట్టాలి, తప్పకుండా రావాలని మూడుసార్లు చెప్పాలి, టీ వద్దని రెండుసార్లు అని మూడోసారి తాగి రావాలి. నేను ఫోన్ల ఆఫీసులో ముప్పై మూడేళ్లు లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాను. ఊరూరా స్తంభాలెక్కి జనం చెవులకు తీగలు తగిలించినవాణ్ని. అందుకని ఫోన్లను తిట్టే హక్కు నాకున్నంతగా ఇంకెవరికీ లేదని నా నమ్మకం. ఇంట్లో ఈ నమ్మకాన్ని రోజుకు మూడు పూటలా వింటారు.

బొట్టు పెట్టాల్సింది ఆడమనిషి. మా ఆవిడ అనసూయకు మోకాలి ఆపరేషనై నెల కూడా కాలేదు. కనుక కోడలు స్రవంతి బయల్దేరింది. విజయవాడ పిల్ల. ఇంట్లో కూర్చుని ఉద్యోగం చేస్తుంది, కారు నడుపుతుంది, నన్ను "మామయ్యగారూ" అని పిలిచి తను చెయ్యదల్చుకున్నదే చేస్తుంది. ఒక చేతిలో స్టీరింగు, పక్క సీట్లో కుంకుమ బరిణె, చెవిలో ఆఫీసు. వెనక సీట్లో నేనూ, నా కాలమూ.

అసలు సంగతి చెప్పాలి. ఇన్ని పిలుపుల్లో నాకు నిజంగా కావలసింది ఒక్కటే, శామీర్‌పేటలో ఉన్న మా అక్క సత్తెమ్మ రావడం. మూడేళ్ల కింద మా అబ్బాయి పెళ్లికి ఆమె రాలేదు. ఆ తర్వాత మా గడప తొక్కలేదు, నేను ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఎందుకంటే, అప్పుడు కార్డు ఆమెకు నేను ఫోన్లోనే పంపాను. అవును, నేనే. నీలం గీతలు రెండు పడ్డాయి గనుక పిలుపు అందిందనుకున్నాను. దివ్య పసిపిల్లగా ఉన్నప్పుడు వాళ్లమ్మ జబ్బు పడితే, రెండేళ్లు తన దగ్గర ఉంచుకుని పెంచింది అక్కే. "అత్తమ్మ రాకుంటె నేను పీటల మీద కూసోను నాయినా" అని దివ్య తేల్చేసింది. పైగా మాలో పెళ్లికి ముందు కుమ్మరి ఇంటి నుంచి రంగులేసిన ఐరేని కుండలు మేళతాళాలతో తెస్తారు. మొదటి కుండ నెత్తినెత్తుకుని ముందు నడవాల్సింది ఇంటి ఆడబిడ్డ. మా ఆడబిడ్డ శామీర్‌పేటలో అలిగి కూర్చుంది.

గుండ్లపోచంపల్లి: పెళ్లి పిలుపు డెలివరీ

మొదటి పిలుపు మా చిన్నాయన కొడుకు శంకర్ ఇంటికి. నేను లైన్లు లాగిన రోజుల్లో ఇటువైపు ద్రాక్ష తోటలుండేవి. స్తంభమెక్కితే తోటమాలి ఒక గుత్తి కోసి పైకి విసిరేవాడు. ఇప్పుడక్కడ గోదాములు, వాటి మధ్య పన్నెండంతస్తుల అపార్ట్‌మెంట్లు. తోటల గుర్తుగా ఒక అపార్ట్‌మెంటుకు ద్రాక్షల పేరు మాత్రం పెట్టారు.

గేటు దగ్గర ఆపారు. కాపలా ఆయనది నారాయణఖేడ్ అట. చేతిలో ఫోనుంది. అందులో డెలివరీ, క్యాబ్, పనిమనిషి, గెస్ట్ అని నాలుగే గడులున్నాయి. మేము పెళ్లి పిలుపని చెప్పాం. ఆయన నాలుగు గడులూ పైకీ కిందికీ చూసి, డెలివరీ అని పెడితే లోపలివాళ్లు జల్దీ ఒప్పుకుంటారు, గెస్ట్ అని పెడితే ఆలోచిస్తారు అన్నాడు. అనుభవం చేత మాట్లాడే మనిషిని కాదనకూడదు. నేను మా చిన్నాయన కొడుకింటికి డెలివరీగా ప్రవేశించాను.

శంకర్ మంచివాడే. "ఇంత ఎండల ఎందుకొచ్చినవన్నా, ఫోన్ జేస్తె అయిపోవు కదా" అన్నాడు. మీ ఇంటికి రావడం నాకిష్టం అని చెప్పడానికి సిగ్గేసి, ఆచారం అన్నాను. మరదలు పచ్చటి టీ, రాగి బిస్కట్లు పెట్టింది. మా చిన్నప్పుడు పిలుపుకొచ్చినవాళ్లకు అన్నం పెట్టేవారు. ఇప్పుడు ఆరోగ్యం పెడుతున్నారు. బిస్కట్టు రుచి ఏమిటని అడగకండి, అట్టపెట్టె చేసేవాళ్లకు తెలుస్తుంది.

స్రవంతి మరదలికి బొట్టు పెట్టి, కార్డిచ్చి, వెనక్కు తిరిగింది. మూలన సోఫాలో మా చిన్నమ్మ, అంటే శంకర్ వాళ్లమ్మ, ఒళ్లో ఫోన్ పెట్టుకుని ఎవరో ఆవకాయ కలుపుతున్న వీడియో చూస్తోంది. కోడలు బరిణె పట్టుకుని ఆమె వైపు నడిచింది. నేను కనుబొమలెగరేసి వద్దని సైగ చేశాను. కోడలు చూడనట్టే నడిచింది. చిన్నమ్మే కొంగు నుదుటి దాకా లాక్కుని, "నాకెందుకు బిడ్డా" అని తల పక్కకు తిప్పేసుకుంది. కోడలు వంగి ఆమె కాళ్లకు దండం పెట్టి వచ్చేసింది.

కారెక్కాక అడిగింది, ఆ మామ్మగారిని ఎందుకు వదిలేశామని. చిన్నాయన పోయి ఇరవై ఏళ్లయింది, భర్త లేనివాళ్లకు బొట్టు పెట్టి పిలవరు, ఆచారం అన్నాను. మా ఇంట్లో మానేశాం అండీ, మా అమ్మమ్మకి పెడతాం, ఆవిడే అందరికన్నా ముందు నుదురు చూపిస్తుంది అని కోడలు చెప్పింది. ఆంధ్రావాళ్లు ఏదైనా చేస్తారు అని జోకు వేశాను. ఆ పిల్ల నవ్వలేదు.

"మరి శామీర్‌పేట అత్తమ్మగారికి?" అంది.

మా బావ పోయి నాలుగేళ్లు కావొస్తోంది. నేను ఏసీ కొంచెం తగ్గించమన్నాను.

మేడ్చల్: ఖాజా మియాకు జ్ఞాపకాలు లేవు

మేడ్చల్ పాత రోడ్డు మీద ఒక మెస్సులో తిన్నాం. కూర్చోగానే ఏమున్నాయని అడిగాను. వడ్డించే అతను బల్ల మీద అంటించిన చుక్కల గడిని చూపించి స్కాన్ చెయ్యమన్నాడు. ఎదురుగా నిలబడ్డ మనిషికి నోరుంది, నాకు చెవులున్నాయి, వంటింట్లోంచి తోటకూర పప్పు వాసన వస్తూనే ఉంది. అయినా కోడలు స్కాన్ చేసింది. ఫోన్ కాసేపు తిరిగి తిరిగి, తోటకూర పప్పుందని తేల్చింది. భోజనం నూట ఇరవై. అన్నం ఎంతైనా పెడతారు, కూర్చునే చోటు మాత్రం తక్కువ. పప్పు బాగుంది. చారులో మిరియం ఘాటు గొంతు దాకా దిగింది. పచ్చి ఉల్లిగడ్డ అడిగితే ఇచ్చారు, దానికి స్కాన్ అక్కర్లేదట.

భోజనమయ్యాక నేను ఖాజా మియాను వెతుక్కుంటూ వెళ్లాను. ఇతను బస్టాండు పక్కన ఎస్టీడీ బూత్ నడిపేవాడు. ఆ బూతుకు లైను లాగింది నేనే. ఎర్ర అక్షరాల బోర్డు, అద్దాల గది, లోపల చిన్న ఫ్యాను, సాయంత్రాలు బయట బారులు తీరిన జనం. పాతకాలం గురించి నాతో సమానంగా ఏడ్చే మనిషి మేడ్చల్ మొత్తంలో ఒక్కడైనా ఉంటే, ఇతనే అయి ఉండాలి అనుకున్నాను.

అదే గది. ఇప్పుడు ఫోన్ల రిపేరు, పగిలిన అద్దాలు మార్చడం, కవర్లు. ఖాజా మియా గడ్డం తెల్లబడింది గాని చెయ్యి వణకడం లేదు. సన్న స్క్రూలు విప్పుతూ తలెత్తి, "అరె లైన్‌మన్ సాబ్, ఆవో" అని స్టూలు జరిపాడు. ఇరానీ చాయ్ తెప్పించాడు. నేను చాయ్ ఊదుకుంటూ, ఆ జమానానే వేరు మియా, మనుషులు మనుషులతో మాట్లాడేవాళ్లు అని మొదలుపెట్టాను. ఖాజా మియా స్క్రూడ్రైవరు కింద పెట్టాడు.

"ఏం జమానా సాబ్. లైను కోసం మీ ఆఫీసు సుట్టు రెండేండ్లు తిరిగిన. ఆఖరికి మీకు నాటుకోడి ఇచ్చినంక స్తంభమెక్కిన్రు."

కోడలు నా వైపు చూసింది. నేను చాయ్ వైపు చూశాను. కోడి సంగతి నిజమే. ఆ కోడిని కూర చేసి బావా నేనూ కలిసి తిన్న సంగతి కూడా గుర్తొచ్చింది.

అతను ఊరుకోలేదు. ఆ అద్దాల గదిలో జనం ఏడ్చేవారట. ఇంట్లో ఎవరో పోయారని దూరాన ఉన్నవాళ్లకు చెప్పాలి, ఏడవాలి, మధ్యలో మీటరు చూసుకోవాలి. మీటరు తిరిగిపోతుంటే ఏడుపు ఆపి ఫోన్ పెట్టేసేవారు. ఖాజా మియా కౌంటరు వెనక కూర్చుని, వాళ్ల కళ్లలోకి చూడలేక, బిల్లు చించి ఇచ్చేవాడు.

"మా బిడ్డ బీదర్‌ల ఉంటది సాబ్. పొద్దంత దాని అమ్మ మొఖం జూసుకుంట మాట్లాడ్తది. నవ్వుతరు, కొట్లాడ్తరు, ఏడుస్తరు. ఏ మీటరు లేదు. నాకు ఆ జమానా వద్దు."

చాయ్ బాగుందన్నాను. కోడలి ఫోనుకు అతను ఒక అద్దం అతికించి, పైసలు వద్దంటే వద్దన్నాడు. ఆమె వాళ్లావిడకు బొట్టు పెట్టొచ్చా అని అడిగింది. వాళ్లు పెట్టుకోరమ్మా అని నేను గొణిగాను. ఖాజా మియా నవ్వి, కార్డు ఇవ్వండి, బిర్యానీ ఉంటే బొట్టు లేకున్నా వస్తాం అన్నాడు.

గండిమైసమ్మ: చింతచెట్టు లేదు

ఇక్కడ నా పరువు పోయిన సంగతి దాచకుండా రాస్తున్నాను. అనసూయ మేనమామ ఇల్లు గండిమైసమ్మ చౌరస్తా నుంచి లోపలికి వెళ్లాలి. కోడలి ఫోన్లోని గొంతు కుడికి తిరగమంది. ఆ గొంతు ఈ ఊళ్లో ఎన్నడైనా స్తంభమెక్కిందా? నేను ఎడమకన్నాను. చింతచెట్టు వస్తుంది, అక్కడ తిరగాలి అన్నాను. కోడలు మర్యాదగల పిల్ల, ఎడమకే తిప్పింది. చింతచెట్టు రాలేదు. ముందు తారు అయిపోయింది, తర్వాత మట్టి, ఆ తర్వాత రంగు జెండాలు పాతిన ప్లాట్లు. మొన్న కురిసిన వానకు ఆ నేల మెత్తబడి ఉంది. వెనక చక్రం సగానికి దిగబడింది. ఫోన్లోని గొంతు మాత్రం ఎంతో ఓపిగ్గా, వెనక్కు తిరగండి అంటూనే ఉంది.

పక్క ప్లాటులో కాంపౌండు గోడకు ఇటుకలు మోస్తున్న ముగ్గురు ఆడవాళ్లు వచ్చారు. వాళ్లలో పెద్దామె పేరు బాలమణి. చింతచెట్టు ఏమైందని అడిగితే, అది కొట్టేసి పదేళ్లయింది, ఆ చెట్టున్న చోటే నీ కారుంది అని చెప్పింది. ముగ్గురూ నెట్టారు, నేనూ నెట్టాను, బురద నా చొక్కా మీద ఉదారంగా చిమ్మింది. కారు బయటపడ్డాక బాలమణి సీట్లో ఉన్న బరిణె చూసి ఎవరి లగ్గమని అడిగింది. కోడలు దిగి ముగ్గురికీ బొట్టు పెట్టి, రమ్మని పిలిచి, కార్డిచ్చింది. బాలమణి కార్డు అటూ ఇటూ తిప్పి, ఇది ఎక్కడో పోతుంది, ఫంక్షన్ హాల్ లొకేషన్ ఫోన్లో పంపు, ఆటో మాట్లాడుకుని వస్తాం అంది. నంబరు చెప్పింది. కోడలు అక్కడికక్కడే పంపింది. అలా ఇటుకలు మోసే ముగ్గురికి పద్ధతి ప్రకారం పిలుపు అందింది. సొంత అక్కకు అప్పటికి మూడేళ్లుగా అందలేదు.

మేనమామ ఇల్లు కుడివైపే ఉంది. ఆయనకు ఎనభై దాటాయి. పొద్దుటి నుంచీ ఫోన్లో జ్యోతిష్యాలు వింటాడు, ఏ వేలికి ఏ ఉంగరమో అడక్కపోయినా చెబుతాడు. కొత్త సామాన్లంటే ఇంత ఇష్టం ఉన్న మనిషి, పాత మాట ఒకటి వదలలేదు. ఐరేని కుండ ఎవరెత్తుతున్నారని అడిగాడు. "ముత్తైదువనే ఎత్తాలె, మీ అక్కను ముంగట వెట్టకు. మా వోళ్లు అనుకుంటరు" అన్నాడు. నేను సరేనని తలూపాను. గుడ్డిగా కాదు, నాలుగేళ్లుగా తలూపుతూ వస్తున్న అలవాటుతో ఊపాను. కోడలు పక్కనే ఉండి అంతా విన్నది.

కీసర: మూడుసార్లు బొట్టు

రెండోరోజు పొద్దున్నే కీసర. గుట్టెక్కి శివుడికి దండం పెట్టుకుని, దిగి, నా చిన్ననాటి దోస్తు కిష్టయ్య ఇంటికి వెళ్లాం. ఒకప్పుడు వీళ్లకు వంకాయ తోట ఉండేది, ఇప్పుడు ప్లాట్లయ్యాయి. తీరిక దొరికిన కిష్టయ్య, అతని భార్య వీడియోలు తీసి జనానికి చూపిస్తున్నారు. పాత పద్ధతులు, పాత వంటలు. చూసేవాళ్లు వేలల్లో ఉన్నారట.

బరిణె చూడగానే కిష్టయ్య కళ్లు మెరిశాయి. మేము లోపలికి రాకూడదన్నాడు. మళ్లీ గేటు దాకా వెళ్లి, చెప్పులు విప్పి, నెమ్మదిగా రమ్మన్నాడు. వచ్చాం. కోడలు బొట్టు పెట్టింది. నీడ పడిందట, తుడిచి మళ్లీ పెట్టించారు. రెండోసారి నేను నవ్వానట. మూడోసారి అంతా సవ్యంగా జరిగింది, నా మొహంలో పాతకాలపు గాంభీర్యం బాగా వచ్చిందని మెచ్చుకున్నాడు. బొట్టు పెట్టి పిలవడమనే మన ఆచారం అంతరించిపోతోందని అతను కెమెరాకు చెబుతుంటే వాళ్లావిడ చేత్తో నాకు సర్వపిండి అందించింది. సర్వపిండి మాత్రం నిజంది. పల్లీలు పంటి కింద పడి కరకరలాడాయి, అడుగు మాడిన చోట మరీ రుచి. ఇంటికి కూడా నాలుగు కట్టించుకున్నాం.

వీడియో పెట్టేటప్పుడు నా పేరు వెయ్యమంటావా అని అడిగాడు. పాతకాలం మనిషి అని వెయ్యమన్నాను. అలా అనిపించుకోవడం నాకెంతో ఇష్టం, దాచడమెందుకు.

శామీర్‌పేట: ఎన్ని ప్లేట్లు

కారు శామీర్‌పేట దగ్గరపడే కొద్దీ అక్కతో ఏం మాట్లాడాలో మనసులో అనుకుంటూ వచ్చాను. ఫోన్లొచ్చి మనుషుల మధ్య మమకారం తెగిపోయిందక్కా, నేను కూడా ఆ మాయలో పడ్డాను, క్షమించు. ఇదీ నా ఉపన్యాసం. బాగుంటుందనిపించింది.

బావ ఎల్లయ్య ఇక్కడి చెరువులోనే వలేసి బతికాడు. అతను పోయాక అక్క ఇంట్లో కూర్చోలేదు. చెరువు చూడ్డానికి సిటీ నుంచి వచ్చే జనం కోసం రోడ్డు పక్కన రేకుల కింద పొయ్యి పెట్టి చేపల వేపుడు అమ్ముతోంది. ఆదివారం మధ్యాహ్నం కావడంతో పది మంది దాకా నిలబడి ఉన్నారు. ప్లేటు రెండు వందలు. రవ్వ చేప ముక్కలకు కారం, ఉప్పు, అల్లం వెల్లుల్లి పట్టించి పెనం మీద వేస్తుంటే రోడ్డవతల దాకా వాసన. ఎవరు డబ్బు పంపినా పొయ్యి పక్కనున్న డబ్బా ఎంతొచ్చిందో గట్టిగా చెబుతోంది. డెబ్బై ఏళ్ల మా అక్క ఆ డబ్బా మాట విని తలూపి, ముక్క తిప్పుతోంది.

నేను వెళ్లి ఎదురుగా నిలబడ్డాను. తలెత్తి చూసింది. మొహంలో ఏమీ మారలేదు.

"ఎన్ని ప్లేట్లు?" అంది.

రెండు అన్నాను. వరుసలో నిలబడమంది, నిలబడ్డాను. మా వంతు వచ్చాక రెండు ప్లేట్లు ఇచ్చింది. నా ప్లేటులో అందరికీ వేసే తోకవైపు ముక్కలు కాక, నాకిష్టమైన తల ముక్క ఉంది. కళ్లు తుడుచుకుంటూ తిన్నాను. కారం వల్ల అనుకోవచ్చు ఎవరైనా.

జనం కాస్త పల్చబడ్డాక కోడలు చేతులు కడుక్కుని బరిణె తీసింది. మూత తిప్పి, ఆగి, నా వైపు చూసింది. నేను సైగ చెయ్యలేదు. చెయ్యకుండా ఉండటానికి కళ్లు నేలకు దించుకున్నాను. అక్క అది కూడా చూసింది.

"కోడలికి కండ్లతోటి జెప్పకురా మల్లేశు. నోటితోటి జెప్పు" అంది.

నేను ఉపన్యాసం మొదలుపెట్టాను. అప్పుడు ఫోన్లో పంపడం తప్పయిందక్కా, ఈ ఫోన్లు వచ్చినప్పటి నుంచి మనుషులు అని రెండో వాక్యంలో ఉండగా, అక్క గరిటె పెనం అంచు మీద పెట్టింది.

"ఫోన్‌నెందుకంటవ్ రా. ఫోనుకు తెల్వది నేను ముండమోసినదాన్నని. అందరికి పంపినట్టె నాకు పంపింది. తెల్సినోనివి నువ్వు."

ఆమె గొంతు పెంచలేదు. మిగిలిందీ మెల్లగానే చెప్పింది. బరిణె పట్టుకుని నా గడపలోకి వచ్చి, నాకు పెట్టకుండా వెళ్లే ధైర్యం నీకు లేదు, పెట్టే ధైర్యమూ లేదు, అందుకని ఫోన్ చాటుకు దాక్కున్నావు అంది.

అది అక్షరాలా నిజం. మా అబ్బాయి పెళ్లికి ఎనిమిది నెలల ముందు బావ పోయాడు. పిలుపులప్పుడు నేనూ అనసూయా కూర్చుని మాట్లాడుకున్నాం. వెళ్తే బరిణెతో వెళ్లాలి. పెడితే నలుగురూ అంటారు, పెట్టకపోతే అక్క మొహం చూడలేం. ఫోన్లో పంపితే ఏ బాధా లేదని నేనే అన్నాను. పంపాక హాయిగా అనిపించింది కూడా. మూడేళ్లుగా ఫోన్లను తిడుతూ తిరుగుతున్నాను గాని, నన్ను కాపాడింది ఆ ఫోనే. పాతకాలం పద్ధతికి భయపడి కొత్తకాలం సామాను వెనక నక్కినవాణ్ని నేను. రెండు రోజులుగా దారి పొడవునా అందరినీ వెక్కిరించుకుంటూ వచ్చాను. అక్కడ రేకుల కింద నిలబడి ఉంటే, నా అంత నవ్వులపాలైన మనిషి ఆ దారిలో ఇంకొకడు కనబడలేదు.

"పెట్టమ్మా" అన్నాను.

"ఎవరికి, మామయ్యగారూ?" అంది కోడలు. నా నోటితో అనిపించాలనే అడిగింది. అక్కకు పెట్టు అన్నాను.

అక్క అరచెయ్యి అడ్డం పెట్టింది. ఇక్కడ పెడితే చూసేది చేపలు తినేవాళ్లే కదా అంది. "కుమ్మరోళ్లింటి కాడ ఐరేని కుండ నేను ఎత్తుకుంట. అప్పుడు నీ పెండ్లం మేనమామ నోరు తెరుస్తడు. ఏమంటవ్?"

ఒక జోకు నాలుక చివరకు వచ్చింది. మింగేశాను.

"మా అక్కనే ఎత్తుతది అంట. నచ్చనోళ్లు ఇంటికి పోండ్రి అంట."

"అంటవా?"

"అంటనే అక్క. నువ్వు లేక మొన్నటి లగ్గం నాకు లగ్గమే గాలె."

ఆ మాట నిజంగా నాలో ఉందని నాకే అప్పుడు తెలిసింది. అక్క చెయ్యి దించింది. కోడలు రెండడుగులు ముందుకు వేసి, అక్క గడ్డం పట్టుకుని, నుదుట బొట్టు పెట్టింది. చిన్నగా కాదు, రూపాయి బిళ్లంత. దివ్య పెళ్లికి తప్పకుండా రావాలండీ అని మూడుసార్లు చెప్పింది. నేను నేర్పినవాటిలో ఆ ఒక్కటే ఆ పిల్ల సరిగ్గా పాటించింది.

అక్క అద్దం అడిగింది. రేకుల కింద అద్దమెక్కడిది? కోడలు ఫోన్లో సెల్ఫీ కెమెరా తెరిచి మొహం ముందు పట్టింది. అక్క నూనె చేతులు కొంగుకు తుడుచుకుని, ఆ ఫోనును తన చేతుల్లోకి తీసుకుంది. చాలాసేపు చూసుకుంది. పొయ్యి మీద ముక్కలు మాడుతున్న వాసన వచ్చింది, ఎవరూ కదల్లేదు. తర్వాత, "జర కిందికి వెట్టినవ్ బిడ్డా" అని, చిటికెన వేలితో తనే కొంచెం పైకి దిద్దుకుంది.

అంతలో బైకుల మీద ఒక జట్టు వచ్చి దిగింది. ఐదు ప్లేట్లు కావాలి, తొందరగా పోవాలి అన్నారు. మా అక్క పెనం దించి పక్కన పెట్టి, స్టూలు లాక్కుని నాకు ఎదురుగా కూర్చుంది.

"ఆగుండ్రి బిడ్డా," అంది వాళ్లతో. "మా తమ్ముడు లగ్గానికి పిలువనొచ్చిండు."